మూడో వారంలో మొదలయ్యే నొప్పి

1600 మీటర్లు, 8 నిమిషాలు. ఆంధ్రప్రదేశ్‌లో సివిల్ కానిస్టేబుల్ కావాలనుకునే కుర్రాడి బతుకు కొన్నాళ్లపాటు ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది. అమ్మాయిలకు అదే దూరానికి పదిన్నర నిమిషాలు ఇస్తారు. అగ్నివీర్‌కు వెళ్లేవాళ్లు ఇంచుమించు అంతే దూరాన్ని ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. కేంద్ర బలగాల్లో జీడీ కానిస్టేబుల్ కోసం అబ్బాయిలు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తాలి.

పల్నాడులో ఈ లెక్కలు తెలియని ఊరు ఉండదు. నరసరావుపేట స్టేడియంలో, మాచర్ల వైపు సాగర్ కుడి కాలువ కట్టల మీద, గురజాల, పిడుగురాళ్ల కాలేజీ మైదానాల్లో తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. వేసవిలో పొద్దెక్కాక పరుగెత్తడం అయ్యే పని కాదు. నోటిఫికేషన్ పడిందంటే ఆ నెలలో మైదానాలు కిటకిటలాడతాయి. ఏళ్ల తరబడి పుస్తకాల ముందు కూర్చున్నవాళ్లు, మిరప కోతలకు వెళ్లొచ్చినవాళ్లు, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు ఒకేసారి బూట్లు కట్టుకుని దిగుతారు.

మొదటి రెండు వారాలు ఉత్సాహంగానే గడుస్తాయి. ఆయాసం తగ్గుతుంది, టైమింగ్ మెరుగవుతుంది. మూడో వారంలోనో నాలుగో వారంలోనో మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక లోపలి అంచు వెంబడి ఒక సలుపు మొదలవుతుంది. తొలినాళ్లలో పరుగు మొదలుపెట్టినప్పుడు ఉండి, ఒళ్లు వేడెక్కగానే పోతుంది. తర్వాత పరుగు ముగిశాక కూడా ఉంటుంది. ఆ తర్వాత మెట్లు దిగుతుంటే కూడా పలకరిస్తుంది. మైదానంలో దీన్ని ‘షిన్ పెయిన్’ అంటారు. వైద్యులు, కోచ్‌లు ‘షిన్ స్ప్లింట్స్’ అంటారు.

ఇది కొత్తగా పరుగు మొదలుపెట్టిన ప్రతివాడూ భరించి తీరాల్సిన బాధ అని చాలామంది కోచ్‌లే చెబుతుంటారు. ‘నాలుగు రోజులు పరుగెత్తితే అదే పోతుంది’ అనే మాట వినని అభ్యర్థి ఉండడు. ఆ మాట తప్పు. దాని మీద నమ్మకంతో పరుగెత్తి, ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షల) రోజుకు కుంటుతూ వచ్చిన పిల్లలు ఉన్నారు కాబట్టి ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో, మూడో వారంలోనే ఎందుకు వస్తుందో తెలిస్తే ఏం చేయాలో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

మోకాలి కింద ముందువైపు తడిమితే చర్మం కిందే గట్టిగా తగిలే ఎముక ఉంటుంది. బడి పుస్తకాల్లో దాని పేరు అంతర్జంఘిక. ఒంటి బరువులో ఎక్కువ భాగాన్ని పాదానికి చేర్చేది ఇదే. నడిచేటప్పుడు దీనికి పెద్ద కష్టం లేదు. పరుగులో మాత్రం ప్రతి అడుగుకూ రెండు పాదాలూ గాలిలోకి లేచి, ఒక్క కాలి మీద ఒళ్లంతా దిగుతుంది. అప్పుడు నేల నుంచి కాలికి ఎదురు తగిలే బలం శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. 60 కిలోల కుర్రాడి కాలు ప్రతి అడుగుకూ 120 నుంచి 180 కిలోల భారం మోస్తుందన్నమాట. నిమిషానికి 165 అడుగుల లెక్కన 8 నిమిషాల పరుగులో 1,300కు పైగా అడుగులు పడతాయి. అంటే ఒక్కో కాలికి 650కి పైగా దెబ్బలు. అదీ ఒక్క 1600 మీటర్లకే. రోజూ ఐదారు కిలోమీటర్లు తిరిగేవాళ్ల సంగతి మీరే లెక్కేసుకోండి.

ఆ భారానికి ఎముక కంటికి కనబడనంత కొద్దిగా వంగుతుంది. ఎముక వంగడమేమిటని అనిపించవచ్చు. బతికున్న ఎముకకు కొంత సాగే గుణం ఉంది, అది లేకపోతే మొదటి గెంతుకే విరిగిపోయేది. కాలి ఎముక నడిమి భాగం దాటి కిందికి వచ్చేచోట బాగా సన్నబడుతుంది. వంపు తాకిడి ఆ చుట్టుపక్కలే ఎక్కువ. పిక్క లోపలి కండరాలు కూడా అదే అంచును పట్టుకుని వెనక్కి లాగుతుంటాయి. ఒకప్పుడు ఈ లాగుడు వల్ల ఎముకను చుట్టి ఉండే పలుచటి పొర వాస్తుందనీ, నొప్పికి అదే కారణమనీ అనుకునేవారు. శస్త్రచికిత్స చేసినప్పుడు తీసిన ముక్కలను పరీక్షిస్తే అనుకున్నంత వాపు కనబడలేదు. ఇప్పుడు పరిశోధకుల్లో ఎక్కువమంది చూపు ఎముక మీదికే మళ్లింది.

ఎముక ఎప్పుడూ తనను తాను తిరగరాసుకుంటూనే ఉంటుంది. ఏ దిక్కు నుంచి భారం పడితే ఆ దిక్కుకు తగ్గట్టు దాని లోపలి నిర్మాణం మారుతుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకం రాశాడు. ఆ పని చేసే కణాలు రెండు రకాలు. ఒక రకం అలసిన ఎముకను కరిగించి తీసేస్తాయి. రెండో రకం ఆ చోట కొత్త ఎముకను కడతాయి. తీసేయడానికి సుమారు మూడు వారాలు చాలు. తిరిగి కట్టి, ఖనిజాలు నింపి గట్టిపరచడానికి మూడు నెలలదాకా పడుతుంది. కష్టమంతా ఈ తేడాలో ఉంది. కొత్తగా పరుగు మొదలుపెట్టిన కుర్రాడి ఎముక మొదటి నెల చివరికి తవ్వి పూడ్చని రోడ్డులా ఉంటుంది, దాని మీద అతడు పిడుగురాళ్ల సున్నం లారీలు నడుపుతుంటాడు. ఎముక బలపడే దారిలోనే ఉంది, కానీ బలపడటానికి ముందు కొన్ని వారాలు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది.

గుండె, ఊపిరితిత్తులు, రక్తం ఇంత ఆలస్యం చేయవు. ఒకటి రెండు వారాల్లోనే ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, నెల తిరిగేసరికి ఆయాసం బాగా తగ్గుతుంది. అందుకే మూడో వారంలో అభ్యర్థికి తాను ఇంకా పరుగెత్తగలననిపిస్తుంది. ఊపిరి సిద్ధంగా ఉంటుంది, ఎముక సిద్ధంగా ఉండదు. సరిగ్గా అప్పుడే దూరం పెంచుతారు, వేగం పెంచుతారు.

ఎముక ఇలా బలహీనపడే సంగతిని స్వీడన్ పరిశోధకులు 2001లో కొలిచి చూపించారు. చాలాకాలంగా ఈ నొప్పితో బాధపడుతున్న క్రీడాకారుల కాలి ఎముకలో, నొప్పి ఉన్న చోట సాంద్రత మామూలు వాళ్లకంటే దాదాపు 15 శాతం తక్కువగా ఉంది. నొప్పి పూర్తిగా తగ్గాక మళ్లీ కొలిస్తే ఆ లోటు పూడింది. ఈ రెండో ఫలితమే అభ్యర్థులకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. పోయినది తిరిగి వస్తుంది, టైమ్ ఇస్తే.

కొత్తగా సైన్యంలో చేరినవాళ్ల కాళ్లు ఇలా దెబ్బతినడం పాత కథే. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్, దూరాలు నడిచిన సైనికుల పాదాలు వాచి నొప్పి పుట్టడం గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1897లో, అలాంటి పాదాల ఎముకల్లో సన్నటి పగుళ్లు ఉన్నాయని తేలింది. ఆస్ట్రేలియా నౌకాదళంలో కొత్తగా చేరిన 124 మందిని పది వారాల శిక్షణలో గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 35 శాతం మందికి ఈ షిన్ పెయిన్ వచ్చింది. మగవాళ్లలో 28 శాతం, ఆడవాళ్లలో 53 శాతం. అక్కడ మంచి బూట్లు, వైద్యులు, లెక్క ప్రకారం తిండి అన్నీ ఉన్నాయి. అవి ఉన్నచోటే అలా ఉంటే, మైదానంలో ఎవరికి వారే శిక్షకులైన మన పిల్లల్లో ఎంతమందికి వస్తుందో ఊహించవచ్చు.

ఇజ్రాయెల్ సైన్యం అనుభవం మనకు ఇంకా దగ్గరగా వస్తుంది. శిక్షణలో ఎముకలు పగలడాన్ని తగ్గించడానికి వాళ్లు పాతికేళ్లు రకరకాల ప్రయత్నాలు చేశారు. బూట్లు మార్చారు, వ్యాయామాలు మార్చారు. చివరికి బాగా పనిచేసినవి రెండు: రాత్రి కనీసం 6 గంటల నిద్ర తప్పనిసరి చేయడం, మొత్తం నడకలను తగ్గించడం. ఈ రెండూ కలిపి అమలు చేశాక పగుళ్లు 60 శాతానికి పైగా తగ్గాయని 2008లో రాశారు. అందులో నిద్ర వాటా ఎంతో, నడక వాటా ఎంతో విడదీయడం కష్టం. కానీ మన అభ్యర్థి రోజును ఒకసారి చూడండి. రాత్రి పదకొండున్నర దాకా అర్థమెటిక్, రీజనింగ్. తెల్లవారుజామున నాలుగింటికి అలారం. ఎముక కట్టుకునే గంటలనే మనం కోసేస్తున్నాం.

ఇప్పుడు అసలు జాగ్రత్త. షిన్ పెయిన్ అనుకున్నదల్లా షిన్ పెయిన్ కాదు. కూర్చుని, కాలి ఎముక లోపలి అంచు మీద బొటనవేలితో పైనుంచి కిందికి మెల్లగా నొక్కుకుంటూ రండి. నాలుగైదు వేళ్ల వెడల్పున, అంటే 5 సెంటీమీటర్లకు పైగా, అంచు పొడవునా నొప్పి పరుచుకుని ఉంటే అది ఎక్కువగా మనం మాట్లాడుకుంటున్న మామూలు షిన్ పెయినే. ఒక్క వేలు పట్టేంత చోట మాత్రమే చురుక్కుమంటే, ఒంటికాలి మీద గెంతితే ఆ బిందువులోనే నొప్పి లేస్తే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో పగులు మొదలైందేమోనని అనుమానించాలి. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. నొప్పి ఎముక ముందు అంచు నడిమధ్యలో ఉంటే మరీ జాగ్రత్త. ఆ చోటి పగుళ్లు త్వరగా అతకవు, పట్టించుకోకుండా పరుగెత్తితే ఎముక పూర్తిగా విరిగిన సందర్భాలు ఉన్నాయి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. నొప్పి ఉందని ఎక్స్‌రే తీయించుకుంటారు, అందులో ఏమీ లేదంటారు, మర్నాడే మైదానంలో దిగుతారు. ఇలాంటి సన్నని పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చాలాసార్లు చిక్కదు. ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. ఎంఆర్‌ఐకి డబ్బు లేకపోతే ఎముకల వైద్యుడికి నొప్పి ఎక్కడుందో వేలితో చూపించి, పగులు ఉందనే లెక్కన పరుగు ఆపేయడం తెలివైన పని. మరో రకం కూడా ఉంది. పరుగులో ప్రతిసారీ దాదాపు అదే సమయానికి పిక్క రాయిలా బిగుసుకుని, పాదం తిమ్మిరెక్కి, ఆగిన కొద్దిసేపటికి సర్దుకుంటే అది కండరాల గదుల్లో ఒత్తిడి పెరగడం వల్ల కావచ్చు. దాని వైద్యం వేరు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుని పరుగెత్తడం మన దగ్గర మామూలైపోయింది. దీని గురించి నేను మెత్తగా చెప్పలేను. నొప్పి తెలియకుండా పోతే ఎముకకు పడే భారం తగ్గదు, ఆగమని చెప్పే గొంతు మాత్రం ఆగిపోతుంది. అమెరికా సైనికుల రికార్డులను పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఐబుప్రొఫెన్ కోవకు చెందిన నొప్పి మందులు వాడినవాళ్లలో ఎముక పగుళ్లు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. మందే పగులు తెచ్చిందని దీన్నిబట్టి తేల్చలేం, నొప్పి ముందే ఉన్నవాళ్లే మందు వాడి ఉండొచ్చు. అయినా ఈవెంట్స్‌కు ముందు వారాల తరబడి ఆ మాత్రలు మింగడం మానుకోవడానికి ఈ అనుమానం చాలు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకుంటే కాసేపు ఉపశమనం ఉంటుంది, హాని లేదు. ఎముకను అది బాగు చేయదు. బాము, బిగుతు కట్టు కూడా అంతే.

మరి బాగు చేసేది ఏమిటి? నెదర్లాండ్స్‌లో షిన్ పెయిన్ ఉన్న క్రీడాకారులను మూడు గుంపులు చేసి 2012లో ఒక పరీక్ష ప్రచురించారు. ఒక గుంపుకు మెల్లమెల్లగా పెంచే పరుగు మాత్రమే ఇచ్చారు. రెండో గుంపుకు దానికి తోడు పిక్క వ్యాయామాలు, మూడో గుంపుకు బిగుతు మేజోళ్లు. మూడు గుంపుల్లోనూ కోలుకునే కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి లేకుండా 18 నిమిషాలు ఏకబిగిన పరుగెత్తగలిగే స్థితికి రావడానికి సగటున వంద రోజులకు పైగా పట్టింది. నొప్పి ముదిరాక వైద్యానికి వచ్చినవాళ్ల లెక్క ఇది. తొలి సలుపుకే భారం తగ్గించినవాళ్లు అంతకంటే ముందే కోలుకునే అవకాశం ఎక్కువ. ఏమైనా వంద రోజులంటే ఎముక తిరిగి కట్టుకునే మూడు నెలల లెక్కకు దగ్గరగా ఉండటం గమనించండి.

కాబట్టి నొప్పి మొదలైన వారంలోనే పరుగు సగానికి తగ్గించాలి, లేదా పది రోజులు పూర్తిగా ఆపాలి. ఆ రోజుల్లో ఊపిరి తగ్గకుండా సైకిలు తొక్కవచ్చు. దాని వల్ల కాలి ఎముకకు దెబ్బలు తగలవు. ఈత కూడా మంచిదే గానీ సాగర్ కాలువలో మాత్రం వద్దు. కాలువ వదిలిన రోజుల్లో ఆ ప్రవాహం గజ ఈతగాళ్లను కూడా లాక్కుపోతుంది. అరగంట వేగంగా నడిచినా నొప్పి లేదనుకున్నప్పుడు తిరిగి పరుగు మొదలుపెట్టాలి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అదీ రోజు విడిచి రోజు. పరుగులో కొద్దిగా తెలిసీ తెలియనట్టున్న నొప్పి మర్నాటి ఉదయానికి లేకపోతే ముందుకు వెళ్లవచ్చు. మర్నాడు కూడా ఉంటే ఒక మెట్టు కిందికి దిగాలి.

వారానికి 10 శాతం చొప్పున పెంచితే చాలు, ఏ గాయమూ రాదని ఒక సూత్రం బాగా ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లోనే 500 మందికి పైగా కొత్త పరుగువాళ్ల మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆ సూత్రం పాటించినవాళ్లకూ, కొంచెం త్వరగా పెంచినవాళ్లకూ గాయాలు ఇంచుమించు ఒకేలా వచ్చాయి. అంకెకంటే మీ కాలు చెప్పేదే నమ్మదగింది. ప్రతి మూడు వారాల పెంపు తర్వాత ఒక వారం తగ్గించడం ఎముక లెక్కకు బాగా కుదురుతుంది.

ఎముక గురించి జంతువుల మీద జరిగిన ప్రయోగాలు మరో ఉపయోగకరమైన సంగతి చెప్పాయి. ఎముకకు వరసగా కొన్ని పదుల దెబ్బలు తగిలాక అది ఇంకా బలపడాలనే సంకేతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కొన్ని గంటల విరామం ఇస్తే మళ్లీ స్పందిస్తుంది. ఒకేసారి గంటసేపు చావగొట్టుకోవడంకంటే పొద్దున కొంత, సాయంత్రం కొంత చేసుకోవడం ఎముకకు మేలు.

పిక్కను బలపరచడం ఎలాగూ మంచిదే. పిక్క గట్టిగా ఉంటే ఎముక వంపులో కొంత భారాన్ని అది పంచుకుంటుంది. గడప మీద ముందరి పాదం ఆనించి, ఒంటికాలితో మడమ పైకెత్తి మెల్లగా దించడం, ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కొద్దిగా వంచి, ఇరవై సార్లు చేయగలిగేదాకా రావాలి. పరుగులో అడుగు కాస్త చిన్నదిగా, తరచుగా పడేలా చూసుకోండి. కాలు ముందుకు చాచి మడమతో బలంగా గుద్దేవాళ్లకు ఈ ఒక్క మార్పే తేడా చూపిస్తుంది.

నేల గురించి వాదనలు చాలా ఉన్నాయి. తారురోడ్డు చెడ్డది, మట్టి మంచిదని అందరూ అంటారు. రుజువులు మాత్రం అంత స్పష్టంగా లేవు. నేల హఠాత్తుగా మారడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. కాలువ కట్ట మెత్తటి మట్టి మీద నెలలు పరుగెత్తి, చివరి వారంలో గట్టి నేల మీదికి మారడం, ఉత్త కాళ్లతో అలవాటైనవాళ్లు ఈవెంట్స్ ముందురోజు కొత్త బూట్లు కొనుక్కోవడం ప్రమాదం. రోడ్డు అంచు వాలుగా ఉంటుంది, ఎప్పుడూ ఒకే వైపు పరుగెత్తితే ఒక కాలికే పని పెరుగుతుంది.

తిండి సంగతి పక్కన పెట్టలేం. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నారనుకున్నవాళ్ల తిండిలోనే కాల్షియం తక్కువగా ఉన్నట్టు, ఎండ కాసే నేలలోనే విటమిన్ డి లోటు విస్తారంగా ఉన్నట్టు తేలింది. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. తెల్లన్నం, పప్పుచారు, పచ్చడితో అది రాదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం పెరుగు, ఒక నువ్వుల ఉండ అంత ఖరీదైనవి కావు. అమెరికా నౌకాదళంలో చేరిన 5,000 మందికి పైగా మహిళల్లో కొందరికి కాల్షియం, విటమిన్ డి ఇచ్చి చూస్తే పగుళ్లు సుమారు 20 శాతం తగ్గాయని 2008లో రాశారు.

అమ్మాయిలకు ఒక మాట ప్రత్యేకంగా. బరువు తగ్గితే పరుగు వస్తుందని కొందరు అన్నం మానేస్తారు. తిన్నదానికంటే ఖర్చు ఎక్కువైతే నెలసరి తప్పుతుంది, ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఎముక కట్టే పని కుంటుపడుతుంది. పరుగు మొదలుపెట్టాక నెలసరి రెండు మూడు నెలలు రాకపోతే దాన్ని కాలి నొప్పంత సీరియస్‌గా తీసుకోవాలి. ఇంట్లో అమ్మకు చెప్పడానికి మొహమాటపడొద్దు.

పల్నాడులో మరో ప్రశ్న కూడా అడగాలి. మీరు చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు? వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ పాతది. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట వర్ణించిన 1937 నాటి వైద్య నివేదిక, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక ఎక్స్‌రేలో చిక్కగా కనబడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది. రెండు కాళ్లూ, నడుమూ, కీళ్లూ పరుగుతో సంబంధం లేకుండా పట్టేస్తుంటే, పళ్ల మీద గోధుమరంగు చారలుంటే, ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వైద్యుడికి ఈ సంగతి తప్పక చెప్పాలి. గుంటూరులోనో విజయవాడలోనో కూర్చున్న వైద్యుడికి మీ ఊరి బోరు గురించి తెలియకపోవచ్చు.

చివరిగా తేదీల విషయం. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరి 22న ప్రాథమిక రాత పరీక్ష జరిగింది. ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు 30న. మధ్యలో దాదాపు రెండేళ్లు అభ్యర్థులు పరుగు మొదలుపెట్టడం, వాయిదా పడగానే మానేయడం, పుకారు రాగానే మళ్లీ దిగడం చేశారు. మానేసి దిగిన ప్రతిసారీ ఎముక మొదటికొచ్చింది. ఈవెంట్స్ తేదీని కనీసం నాలుగు నెలల ముందు ఖాయంగా ప్రకటించమని పోలీసు నియామక మండలిని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఆ తేదీ ఆరు వారాల్లో ఉండి, కాలు ఇప్పుడే నొప్పి పుడుతున్నవాళ్లు ఒక్కటి గుర్తు పెట్టుకోవాలి. సివిల్ పోస్టులకు ఈ పరుగు అర్హతకే, దాని వేగానికి మార్కులు లేవు. 7 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేయగలిగినవాడు పక్కవాడితో పోటీపడి ఆరు నిమిషాలకు తేవడానికి రోజూ కాళ్లు బాదుకోవలసిన పని లేదు. వారానికి ఒక్కసారి టైమ్ చూసుకుని పరుగెత్తి, రెండుసార్లు నెమ్మదిగా తిరిగి, మిగతా రోజులు సైకిలు మీద ఊపిరిని నిలబెట్టుకుంటే ఆ ఆరు వారాల్లో పోయేది పెద్దగా ఉండదు. ఒక్క వేలి చోట నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాళ్లు ముందు ఎముకల వైద్యుణ్ని కలవాలి, ఈ వారంలోనే.